పన్నెండు గంటల పాటల చరిత్ర

రెండువేల మూడులో ఒక ఆదివారం తెల్లవారుజామున చిలకలపూడి శోభనాద్రి గారు ఒకే ఒక్క సంకల్పంతో నిద్ర లేచారు: బందరు జనాన్ని పన్నెండు గంటలు కదలకుండా కూర్చోబెట్టాలి. రోల్డుగోల్డు గాజుల వ్యాపారం ఆయన పొట్ట కోసం చేసేది. ప్రాణం మాత్రం పాటల మీదే. నాలుగు వేల గ్రామఫోను రికార్డులు, ఒక హార్మోనియం, అడిగితే చెప్పడానికి వందేళ్ళ పాటల చరిత్ర ఆయన దగ్గర ఉన్నాయి. లేనిదల్లా అడిగే మనిషి. పెళ్ళి విందుల్లో ఆయన పక్క కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. భార్య లక్ష్మీకాంతం సైతం ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఒక్క రికార్డూ చివరిదాకా వినలేదు. సరిగ్గా రెండో చరణం దగ్గర ఆవిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చేవి.

ఈ కచేరీకి టౌనుహాలు ఇమ్మని అడిగితే కళాసమితి అధ్యక్షుడు జీవానందం గారు పకపకా నవ్వారు. "పన్నెండు గంటలా? వినేది మనుషులేనా అండీ?" అన్నారు. శోభనాద్రి గారికి ఒళ్ళు మండింది. ఇంటి ముందే పందిరి వేయించారు. ఉదయం ఆరింటికి తత్వాలతో మొదలుపెట్టి, వరసగా ఒక్కొక్క కాలమూ దాటుకుంటూ సాయంత్రం ఆరింటికి ఈ ఏటి సినిమా పాటతో ముగించాలి. ఉత్తినే వింటే చాలదు, ఏ కాలం పాట వింటే జనం ఆ కాలంలో బతకాలి. అందుకని మొదటి కాలానికి కుర్చీల్లేవు, చాపలే. అప్పట్లో ఈ రంగులెక్కడివని తెల్ల షామియానా. ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. తత్వాలు పాడటానికి బంటుమిల్లి బృందం. ఆ బృందాన్ని జనం మామూలుగా ఎలాంటి ఇళ్ళకు పిలుస్తారో ఆయన కనుక్కోలేదు. ఆయనకు తెలిసింది వందేళ్ళ క్రితం సంగతులు, పక్క వీధి సంగతులు కావు.

ఆయన మాత్రం పదింటిదాకా గదిలోంచి బయటికి రారు. యాభైల కాలం రాగానే ఆనాటి నటుడి వేషంలో తలుపు తీసుకుని ప్రత్యక్షం కావాలని ఏర్పాటు. తలుపు దగ్గర బావమరిది ఈశ్వరరావు కాపలా. లక్ష్మీకాంతం ముందురోజే గుడివాడలో చెల్లెలింటికి చేరుకుంది. "అంతసేపు నావల్ల కాదండీ. అయిపోయాక ఫోన్ చేయండి, వస్తాను" అని మొహం మీదే చెప్పి వెళ్ళింది. ఆ మాట ఆయనకు బాగా గుచ్చుకుంది.

మైకుసెట్టు భూషణానికి ఈశ్వరరావు ఫోనులో చెప్పింది రెండు ముక్కలే: బావగారింటికి ఆదివారం మైకు, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా. భూషణం వచ్చి తెల్ల షామియానా చూశాడు, చాపలు చూశాడు, తత్వాల వాళ్ళను చూశాడు. వేదిక మీద శోభనాద్రి గారి పెద్ద ఫోటో చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఇలాంటివి ఎన్ని చేశాడు! ఎవరూ చెప్పకుండానే ఫోటోకి దండ వేసి, రెండు అగరొత్తులు వెలిగించి, కళ్ళు తుడుచుకుని మైకు ఆన్ చేశాడు.

మొదటి తత్వం సగం కాకముందే ఎదురింటి వెంకాయమ్మ ముగ్గుడబ్బాతో బయటికి వచ్చి, ఫోటో చూసి, డబ్బా వదిలేసింది.

"అయ్యో అన్నయ్యగారూ! రాత్రి కూడా గేటు దగ్గర పలకరించారు కదండీ!"

ఆ కేకకు వీధి వీధంతా లేచింది. ఎవరో గుడివాడకు ఫోన్ చేశారు. ఏడుపులు వినగానే తత్వాల బృందం మరింత ఆర్తిగా గొంతెత్తింది. ఎనిమిదింటికల్లా చాపల మీద రెండొందల మంది.

"ఒక్కసారి చూడొచ్చా అండీ?" అని ఒకాయన గుమ్మం దగ్గర గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడు కుదరదండీ. లోపల అలంకరణ జరుగుతోంది. పదింటికి అందరూ చూద్దురుగాని" అన్నాడు ఈశ్వరరావు దర్జాగా.

"ఇంతకీ ఎలా జరిగిందండీ?"

"ఏడాదిగా ఇదే ధ్యాస. తిండీ నిద్రా మానేశారు. వద్దు బావా అంటే విన్నారా?"

జనం అయ్యో పాపం అనుకున్నారు. ఈశ్వరరావు కూడా కచేరీకి ఇంత సానుభూతి దొరుకుతుందని అనుకోలేదు.

కిటికీ సందులోంచి చూస్తున్న శోభనాద్రి గారికి ఆనందం ఆగలేదు. ఒక్కరూ మాట్లాడటం లేదు. ఒక్కరూ లేవడం లేదు. తత్వాలకు కన్నీళ్ళు పెట్టుకునే రసికులు బందరులో ఇందరున్నారా! "ఈశ్వరం, చూశావా జనాన్ని?" అని తలుపు వెనక నుంచి గుసగుసలాడారు. చావింటికి వచ్చినవాళ్ళు శవం లేచేదాకా ఎలా కదులుతారు? వీధిలో ఒక్క పొయ్యీ వెలగలేదు, ఒక్క ఇడ్లీ ఉడకలేదు. తొమ్మిదింటికి కడుపులు మాడి ఒకాయన భూషణాన్ని ఆరా తీశాడు.

"ఎన్నింటికి తీస్తారయ్యా?"

"సాయంత్రం ఆరండీ. మైకు అప్పటిదాకా మాట్లాడారు."

అడిగినాయన మొహం వాడిపోయింది.

అంతలో జీవానందం గారు గులాబీల దండతో వచ్చి, మైకు అందుకుని గద్గదంగా మాట్లాడారు. "ఆయన విలువ మనం తెలుసుకోలేదు. హాలు అడిగితే నవ్వాను. ఈ పాపం నాదే. ఇక మీదట మన టౌనుహాలు శోభనాద్రి కళామందిరం! ఇది సమితి తీర్మానం!" లోపల శోభనాద్రి గారు గోడకు ఆనుకుని ఏడ్చేశారు. మూడు గంటల తత్వాలకే ఇంతటి మొండివాడు మారిపోయాడంటే, సాయంత్రానికి ఏమైపోతాడో!

తొమ్మిదిన్నరకు లక్ష్మీకాంతం బస్సు దిగి ఆటోలో వచ్చింది. వచ్చీ రావడంతోనే ఫోటో ముందు కూలబడింది. పక్కనే మైకు.

"ఏవండీ! ముప్ఫై నాలుగేళ్ళు పిలిచారు కదండీ, ఒక్క పాటయినా వినలేదు నేను! ఒక్కసారి లేచి రండి. పుస్తెల మీద ఒట్టు, పన్నెండు గంటలూ కూర్చుని వింటాను!"

ఆ మాట పందిరి దాటి పరాసుపేట దాకా వినిపించింది. భార్య నోట ఆ మాట కోసమే శోభనాద్రి గారు ఇన్నాళ్ళూ బతికారు. ఇక పదింటిదాకా ఆగడం ఆయన వల్ల కాలేదు. తలుపు తోసుకుని, బుగ్గలకు రంగుతో, జరీ ఉత్తరీయంతో, చేతులు జోడించి బయటికి వచ్చారు.

"వచ్చేశాను కాంతం!"

మగవాళ్ళు గోడ దూకారు. వెంకాయమ్మ మూర్ఛపోయింది. నిలదొక్కుకున్నవాళ్ళు ఆయన్ని గిల్లి చూశారు. సంతోషించినవాడు ఒక్కడూ లేడు.

"బతికే ఉన్నారా? మరి పొద్దుట్నుంచి మమ్మల్నెందుకు పస్తు పెట్టారండీ?"

"కచేరీ అండీ. ఇప్పుడే యాభైల కాలం రాబోతోంది, కూర్చోండి!"

మూడున్నర గంటలు కదలని జనం మూడు నిమిషాల్లో ఖాళీ అయ్యారు. జీవానందం గారు ఫోటో మీది తన దండ తీసుకుని బయల్దేరారు.

"మరి తీర్మానం?" అన్నారు శోభనాద్రి గారు.

"బతికున్నవాళ్ళ పేరు పెట్టడం సమితి ఆనవాయితీ కాదండీ. మీరు మళ్ళీ ఎప్పుడైనా తీరిక చేసుకోండి, చూద్దాం."

పందిట్లో లక్ష్మీకాంతం ఒక్కతే మిగిలింది. కళ్ళు తుడుచుకుంది. భర్తను ఆపాదమస్తకం చూసింది. ఆయన హార్మోనియం ముందు కూర్చుని, ఆశగా ఆవిడ వైపు చూశారు.

"ఒట్టేశావు కాంతం. ఊరంతా విన్నారు."

"వేశానండీ. వింటాను. చావింటికి వచ్చామని అందరూ స్నానాలకు పోయారు కదా, నేనూ చేసి వచ్చి కూర్చుంటాను."

"చచ్చిందెవరే?"

"ఎందుకైనా మంచిదండీ. మీరు మొదలుపెట్టండి."

ఆవిడ స్నానం సాయంత్రం ఆరింటికి ముగిసింది.