షార్జా పోవాల్సిన పొట్లాలు

ఆ పొద్దున నవనీత వేసుకున్న పథకం చాలా సులువైనది. సంచి పట్టుకుని కాలేజీకి పోవాలి, బహుమతి కొట్టుకుని రావాలి. హుస్నాబాద్‌లోని ఓ కాలేజీలో ఆమె జువాలజీ లెక్చరర్. ఈసారి సైన్స్ ప్రదర్శనలో బహుమతి రాకపోతే జువాలజీ గ్రూపే ఎత్తేస్తానని ప్రిన్సిపాల్ మొహం మీదే చెప్పేశాడు. గ్రూపు పోతే ఆమె ఉద్యోగమూ పోయినట్టే. అందుకే కణాలు ఒకదానికొకటి సమాచారం ఎలా పంపుకుంటాయో చూపించడానికి, చిన్న చిన్న సంచుల్లో పూసలు నింపి, మూతులకు రంగుదారాలు కట్టి, అన్నీ ఒక తెల్లసంచిలో సర్దుకుంది.

తంటా అంతా అక్కడే వచ్చింది. అత్త భూమవ్వ మేనల్లుడు సాయిచంద్ కూడా ఆ పొద్దున్నే షార్జాకు బయలుదేరాడు. వాడకట్టులో ఒకరు గల్ఫ్‌కు పోతున్నారంటే మిగతావాళ్లు ఊరుకుంటారా? అక్కడున్న కొడుకుల కోసం తల్లులంతా పొట్లాలు తెచ్చి, గుర్తుకు తలా ఒక రంగుదారం చుట్టి, భూమవ్వకు అప్పగించారు. ఆమె వాటినీ అలాంటి తెల్లసంచిలోనే వేసింది. రెండు తెల్లసంచులూ గుమ్మం పక్కనే ఉన్నాయి. కారు హారన్ మోగగానే భూమవ్వ చేతికందిన సంచి సాయిచంద్‌కు ఇచ్చేసింది. మిగిలినది నవనీత పట్టుకుపోయింది.

హైదరాబాదు నుంచి వచ్చిన న్యాయనిర్ణేత ముందు సంచి విప్పితే, గుప్పుమని ఎల్లిపాయ కారం వాసన! సకినాలు, మురుకులు, మామిడికాయ తొక్కు. సంచి మారిందని నవనీతకు అర్థమైంది.

"ఇదేంటమ్మా, క్యాంటీనా?" అన్నాడాయన.

ఎలాగూ మునిగేదే కదా, మాట్లాడి మునుగుదామనుకుంది నవనీత.

"కాదు సార్. గీ పొట్లాన్ని ఒక కణం పంపిందనుకోండ్రి. పైన సన్నటి పొర, లోపట సరుకు. కణం ప్రొటీన్లు, ఆర్ఎన్ఏ గిట్లనే మూటగట్టి బయటికి ఇడుస్తది. అది రక్తంల పోయి, దూరంల ఉన్న ఇంకో కణానికి అందుతది. అందినంక ఆ కణం తీరే మారుతది."

"మరి ఏది ఎవరికో ఎలా తెలుస్తుంది?"

ఆమె నోరు తెరిచేలోపే తలుపు దగ్గర గోల మొదలైంది. సాయిచంద్ దారిలో సంచి విప్పి చూసి, అన్నీ పూసలే ఉన్నాయని ఫోన్ చేశాడట. భూమవ్వ వాడకట్టునంతా వెంటేసుకుని వచ్చేసింది.

"ఓ పిల్లా, ఆగమైందే! సంచి మారింది!"

పక్కింటి లస్మవ్వ బల్ల మీద పడి ఎర్రదారం పొట్లం లాక్కుంది. "గిది నా కొడుకుది!" పచ్చదారం పొట్లం మీద కూడా చెయ్యి వేయబోతే, ఎదురింటి కమలవ్వ ఆ చేతి మీద ఒక్కటేసింది. "గది నాది! ఇడ్సిపెట్టు!"

నవనీతకు ప్రాణం లేచొచ్చింది.

"చూసిండ్రా సార్! పొర మీద గుర్తులుంటయి. తనకు సరిపడే గుర్తు దొరికితేనే కణం పట్టుకుంటది!"

న్యాయనిర్ణేత లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇంత సజీవంగా ఈ పాఠం ఎవరూ చూపించలేదన్నాడు. కమలవ్వ నటనను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. మొదటి బహుమతి! ప్రిన్సిపాల్ మైకు లాక్కుని, జువాలజీ గ్రూపు ఎక్కడికీ పోదని ప్రకటించాడు. నవనీత సంతోషం పట్టలేక అత్తను గట్టిగా వాటేసుకుంది.

భూమవ్వ మాత్రం ఇంకా పరేషాన్‌లోనే ఉంది.

"సారూ, మీరు పట్నానికేనా పోయేది?"

"అవునమ్మా."

"మా సాయిచంద్ ఇమానం రాత్రికి. ఏర్‌పోర్టు కాడ్నే ఉంటడు. జర..."

ఆ సాయంత్రం న్యాయనిర్ణేతగారు ఒళ్లో తొక్కు పొట్లాలు పెట్టుకుని, రక్తప్రవాహం హోదాలో శంషాబాద్ వైపు సాగిపోయారు.