చుక్కల సారు మోటారుకు చెప్పిన పాఠం

మొయినాబాద్‌లో ప్రేమ్‌చంద్‌ను అందరూ చుక్కల సారు అంటారు. ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే మనిషి. మోటారుతో తిరిగే టెలిస్కోపు కొన్నప్పటి నుంచి సగం సంసారం డాబా మీదే చేస్తున్నాడు. మిగతా సగం కింద భార్య జెన్నీ ఒక్కతే చేస్తోంది.

క్రిస్మస్‌కు చేవెళ్ల చర్చి స్టేజీ వెనక బ్యానర్‌గా కట్టడానికి పిల్లలకోడి చుక్కల, అంటే కృత్తికల, ఫొటో తీసిస్తానని సంఘ పెద్ద ఎజ్రాకు నలుగురిలో మాటిచ్చాడు. తీశాడు కూడా. జెన్నీ ఫోన్‌ను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"కోడి ఏది? అన్నీ వానపాములే ఉన్నయి."

"తప్పు చుక్కలది కాదు, మోటార్‌ది. ఆకాశంతోని సమానంగ తిరగాలె. లోపలి స్క్రూ జర వంకరున్నది. తిరిగిన ప్రతి చుట్టులో ఒకసారి ముందుకురుకుతది, ఒకసారి ఎనకకు జారుతది."

"రిపేరుకియ్యరాదు?"

"రిపేరెందుకు? నేర్పిస్త. స్క్రూ ఒక చుట్టు తిరిగేదాక చుక్కను టెలిస్కోపుల కనబడే అడ్డగీతల నడుమ పట్టుకోవాలె. పక్కకు జరిగితే బటన్ నొక్కి సరిచెయ్యాలె. నేను నొక్కినయన్నీ అది యాదిల పెట్టుకొని, తర్వాత దానంతట అదే దిద్దుకుంటది."

ఈ పాఠానికి అతను ఎంచుకున్నది, అత్తగారు సరోజమ్మ కొబ్బరి గర్జెలు, అదే కజ్జికాయలు, చేయడానికి వచ్చిన సాయంత్రం. పిండి పని తప్పించుకోవడానికి ఇంతకన్నా శాస్త్రీయమైన కారణం దొరకదు.

చీకటి పడగానే డాబా మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. ఒక కన్ను టెలిస్కోపులో, ఇంకో కన్ను ఫోన్‌లో నడుస్తున్న క్రికెట్ మ్యాచ్‌లో. వికెట్ పడగానే ఎగిరాడు. వేలు బటన్ మీదే ఉంది. ఆ తర్వాత ఆట చప్పబడింది, కునుకు పట్టింది. అప్పుడూ వేలు బటన్ మీదే ఉంది.

మళ్లీ ఫొటో తీశాడు. ఈసారి వానపాములు లేవు. చుక్కలన్నీ మెట్లెక్కుతున్నాయి.

చాయ్ తెచ్చిన జెన్నీ అడిగింది. "గిట్లెందుకైంది?"

"నేను నొక్కినట్టే నడుస్తున్నది."

"అంటే నువ్వెగిరితే అదీ ఎగురుతున్నది, నువ్వు కునికితే అదీ కునుకుతున్నది."

"అంతే గని, మోటార్..."

"మోటార్‌నేమనకు. ఈ ఇంట్ల నీ మాట ఇనేది అదొక్కటే."

ప్రేమ్‌చంద్‌కు అక్కడే ఇంకో ఉపాయం తోచింది. బటన్లు జెన్నీ నొక్కుతుంది, వేడి గర్జెలు తను తింటాడు, ఫొటో తన పేరు మీద పోతుంది.

"జెన్నీ, సూదిల దారం ఒక్కసారికే ఎక్కిస్తవ్. నీ చూపు నాకెక్కడిది? జర నువ్వు పట్టు."

జెన్నీ అతని మొహం వైపు ఒక క్షణం చూసి, కుర్చీలో కూర్చుంది. "సరే. కింద అమ్మ ఒక్కతే ఉన్నది, పో."

వంటింట్లో ప్రేమ్‌చంద్ పళ్లెం వైపు చెయ్యి చాపాడు.

"చేతులు కడుక్కున్నవా, అల్లుడా?" అంది సరోజమ్మ.

"కడుక్కున్న, అత్తమ్మా."

"అయితే గీ పీట మీద కూసో. అంచులొత్తు."

అంచులొత్తడం అతనికి రాదు గానీ కొబ్బరి కూరడంలో మాత్రం ధారాళమైన మనిషి. నూనెలో వేసిన గర్జెలు వేసినట్టే నోళ్లు తెరిచాయి. కొబ్బరంతా మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంది.

సరోజమ్మ దగ్గుతూ గరిటె ఎత్తింది. "గివి గర్జెలా, బాంబులా?"

అతను మెట్ల మీదికి పారిపోయాడు.

పైన జెన్నీ ఫోన్‌లో కొత్త ఫొటో ఉంది. చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా, ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. ప్రేమ్‌చంద్ ఫోన్ మీదికి వంగాడు.

"నాకు పంపు. ఎజ్రా అన్నకు నేను పంపిస్త."

"అన్నకు నేనే పంపిన," అంది జెన్నీ. అంతలోనే ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టింది.

"జెన్నీ, ఫొటో మస్తున్నదమ్మా!" ఎజ్రా గొంతు. "బ్యానర్ మీద నీ పేరే ఏయిస్తున్నం. మరి సారేం జేసిండు?"

ప్రేమ్‌చంద్ పిండి చేతులతో ఏవేవో సైగలు చేశాడు. జెన్నీ అన్నీ ఓపిగ్గా చూసింది.

"సారు కిందికి దిగిండన్నా. అందుకే మంచిగొచ్చింది."

"సారూ, గంతేనా?" అన్నాడు ఎజ్రా.

ఫోన్‌లో కనబడదని తెలిసి కూడా ప్రేమ్‌చంద్ తలూపాడు.