పదకొండు నుంచి రెండు దాకా ఉచితం

మానవజాతి నిప్పును కనిపెట్టింది, చక్రాన్ని కనిపెట్టింది, ఆ తర్వాత చాలాకాలం ఆలోచించి, ఒకే స్తంభం నుంచి ఒకే తీగ మీద ఒకే మీటరులోకి వచ్చే ఒకే కరెంటును ముప్పై ఒక్క సంస్థల దగ్గర ముప్పై ఒక్క ధరలకు కొనుక్కునే స్వేచ్ఛను కనిపెట్టింది. ఈ స్వేచ్ఛను వాడుకోని పౌరుడు తన డబ్బు తానే పారబోసుకుంటున్నాడని ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. వాడుకున్న పౌరుడు ఏమవుతాడో తేల్చే పని మాత్రం బల్లరాట్‌లో ఉండే క్లైవ్ పాస్కో మీద పడింది.

క్లైవ్‌కు డెబ్బై ఒకటి. రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్లు ఇంజన్లు బాగుచేసి రిటైరయ్యాడు. ఆయనకు జీవితంలో ఒక్కటే భయం, ఎక్కడో ఎవడో తనను వెర్రివాణ్ణి చేస్తున్నాడేమోనని. మిగతా భయాలన్నీ, అంటే గుండె, మోకాళ్లు, ఇంటి పైకప్పు వగైరా, భార్య లొరేన్ చూసుకునేది.

లొరేన్ స్కూలు లైబ్రరీలో పనిచేసి మానేసిన మనిషి. ఆవిడకు ఈ లోకం నుంచి కావలసినవి పెద్దగా లేవు. బల్లరాట్ చలికాలంలో సాయంత్రం అయిదయ్యేసరికి గ్యాస్ హీటరు వేసుకోవాలి, నేలలోని జాలీలోంచి వచ్చే వెచ్చటి గాలికి పాదాలు చాపుకోవాలి, చేతిలో టీ కప్పుతో టీవీలో క్విజ్ చూడాలి, పక్క కుర్చీలో క్లైవ్ ఉండాలి. ప్రశ్నల్లో నదులూ రాజధానులూ ఆవిడవి, క్రికెట్టూ ఇంజన్లూ ఆయనవి. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఇంటి దాంపత్యం చాలావరకు ఆ అరగంటలోనే జరుగుతూ వచ్చింది. ఇద్దరికీ దాని మీద ఫిర్యాదు లేదు.

మే నెల బిల్లుతో పాటు ఒక ఉత్తరం వచ్చింది. పంపింది హ్యాపీ వోంబాట్ ఎనర్జీ, అంటే పాస్కో దంపతులకు పంతొమ్మిదేళ్లుగా గ్యాసూ కరెంటూ అమ్ముతున్న సంస్థ. మీరు మా దగ్గరే ఉన్న ఇంకో ప్లాన్‌కు మారితే ఏడాదికి మూడు వందల పద్దెనిమిది డాలర్లు మిగులుతాయి అని అందులో ఉంది. (మీ దగ్గర ఏటా ఎంత ఎక్కువ తీసుకుంటున్నామో మాకు సెంట్లతో సహా తెలుసు అని ఇంతకంటే మర్యాదగా చెప్పడం కష్టం.)

ఆ మధ్యాహ్నమే, పెద్దవాళ్లు గడ్డి మీద బంతులు దొర్లించే బౌలింగ్ క్లబ్బులో కీత్ హోకింగ్ తగిలాడు. కీత్ క్లైవ్‌తో కలిసి పనిచేసినవాడు, ఇప్పుడు కలిసి టీ తాగేవాడు.

"ఏరా, ఇంకా ఆ వోంబాట్‌గాళ్లకే కడుతున్నావా? నేను నువ్వు కట్టేదాంట్లో సగం కడుతున్నా," అన్నాడు.

(క్లైవ్ ఎంత కడుతున్నాడో కీత్ అడగలేదు. సగం అనడానికి అది తెలియాల్సిన అవసరం ఆ క్లబ్బులో లేదు.) క్లైవ్ టీ సగంలో వదిలేసి ఇంటికొచ్చి సంస్థకు ఫోన్ చేశాడు. మీ కాల్ మాకు చాలా విలువైనది అని సంస్థ నలభై నిమిషాల పాటు వేణువు వాయిస్తూ చెప్పింది. చివరికి విధేయతా విభాగం ఉపనిర్వాహకురాలు తామ్సిన్ లైన్లోకి వచ్చింది.

"పంతొమ్మిదేళ్లుగా మాతోనే ఉన్నారండీ. నిజంగా చాలా సంతోషం."

"అందుకని ఆ చవక ప్లాన్ నాకిస్తారా?"

"అందుకనే ఇవ్వలేమండీ. అది కొత్తవాళ్లకి."

"మరి ఉత్తరం ఎందుకు రాశారు?"

"రాసింది సమాచార విభాగం అండీ. అలాంటి ప్లాన్ ఒకటుందని చెప్పడం వరకే వాళ్ల పని."

మరి మీ విభాగం పనేమిటని క్లైవ్ అడిగాడు. పాతవాళ్లకు కృతజ్ఞతలు చెప్పడమని తామ్సిన్ చెప్పి, అక్కడికక్కడే చెప్పింది కూడా. అందులో ఆవిడ లోటేమీ చేయలేదు.

ఆ రోజు నుంచి క్లైవ్ పోల్చడం మొదలుపెట్టాడు. ప్లాన్లను పోల్చే సైట్లు ఏడున్నాయి. ఏడూ ఏడు వేర్వేరు ప్లాన్లను అన్నింటికంటే చవకైనవిగా చూపించాయి. ఏ సైటును నమ్మాలో తెలియక, పోలిక సైట్లను పోల్చే సైటు ఒకటి వెతికి పట్టుకున్నాడు. అది ఆ ఏడింటిలో మూడోదాన్ని మెచ్చుకుంది. దాన్ని నడిపేది మూడోదాని యజమాని అని తెలుసుకోవడానికి ఇంకో వారం పట్టింది. లొరేన్ ఆ వారమంతా ఆయన ముందు పళ్లెం పెట్టి, తాను తినేసి, రెండు పళ్లేలూ తీసింది. మధ్యలో ఒకసారి, మూడు వందల డాలర్ల కోసం మూడు వారాలు పెట్టావు, అదే టైములో పచారీ కొట్లో ట్రాలీలు తోసినా ఎక్కువ వచ్చేది అంది. ఇది డబ్బు గురించి కాదని క్లైవ్ గంభీరంగా చెప్పాడు. అది నిజమే, అదే అసలు ప్రమాదం.

ఇలాంటి పౌరుల కోసం ప్రభుత్వం సంచార పోలికల సలహాదారులను నియమించింది. బల్లరాట్ వంతుకు వచ్చిన సలహాదారు రోడ్నీ ట్రెంబత్ ప్రతి మంగళవారం టౌన్ లైబ్రరీలో, పిల్లల పుస్తకాల పక్కన, చాలా పొట్టి కుర్చీలో కూర్చునేవాడు. ఒకసారి పోల్చినవారు తొంభై రోజుల్లోగా మళ్లీ పోల్చకపోతే ఆ పోలిక చెల్లదని ముందుగానే హెచ్చరించాడు. (పద్నాలుగో నిబంధన. పదమూడోది కుర్చీల గురించి.) తర్వాత ఫారం తీశాడు.

"మీరు కరెంటు ఎప్పుడు వాడతారండీ?"

"అవసరమైనప్పుడు."

రోడ్నీ పెన్ను కింద పెట్టాడు. "అదేనండీ మీ సమస్య."

ఆ మాట క్లైవ్‌కు ఎక్కడో తగిలింది. డెబ్బై ఒక్క ఏళ్లుగా చీకటి పడితే లైటు వేస్తూ, చలేస్తే హీటరు పెడుతూ, ఆకలేస్తే వండుకుంటూ ఎంత విచ్చలవిడిగా బతికాడో ఆయనకు అప్పుడు అర్థమైంది.

రోడ్నీ చూపించిన ప్లాన్ పేరు మధ్యాహ్న మహోత్సవం. రాష్ట్రంలో చాలా ఇళ్ల కప్పుల మీద సోలార్ పలకలున్నాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం కరెంటు ఎవరికీ అక్కర్లేనంత ఉంటుంది. అందుకని పదకొండు నుంచి రెండు దాకా పూర్తిగా ఉచితం. మూడు నుంచి తొమ్మిది దాకా ధర ఎంతన్నది పత్రంలో ఎంత చిన్న అక్షరాల్లో ఉందంటే, చదవడానికి రోడ్నీ తన కళ్లజోడు మీద క్లైవ్ కళ్లజోడు కూడా పెట్టుకున్నాడు. చదివి, రెండూ తీసేసి, ఆ వేళల్లో వాడకపోతే ఆ ధరతో మీకు పనే లేదు కదండీ అన్నాడు. గ్యాసు కూడా ఆ ప్లాన్ అమ్మే సంస్థ దగ్గరే తీసుకుంటే రెండింటి మీదా తగ్గింపు ఉంది. నెలలో గ్యాసు ఒక హద్దు దాటితే ఆ తగ్గింపు మొత్తం రద్దు. ఆ హద్దును సంస్థ నిపుణులు శాస్త్రీయంగా నిర్ణయించారు. (జనవరిలో, అంటే అక్కడి నడివేసవిలో. అదీ ఏడాదంతా వెచ్చగా ఉండే క్వీన్స్‌లాండ్‌లో.)

జూన్ ఒకటి నుంచి, అంటే అక్కడ చలికాలం మొదలయ్యే రోజు నుంచి, పాస్కో ఇంట్లో సూర్యుడి పాలన వచ్చింది. పదకొండు కొట్టగానే క్లైవ్ ఫోనులో సైరన్ మోగేది. ఓవెన్‌లో గొర్రె తొడ మాంసం, గుమ్మడికాయ ముక్కలు, పక్కన వాషింగ్ మెషిన్, దాని పక్కన డ్రైయరు, హాల్లో వాక్యూమ్, దాని వెనక ఇస్త్రీ పెట్టె, అన్నీ ఒకేసారి లేచేవి. రెండో రోజే ఫ్యూజు ఎగిరిపోయింది, ఉచిత కాలంలో పద్దెనిమిది నిమిషాలు వృథా అయ్యాయి. క్లైవ్ ఆ పద్దెనిమిది నిమిషాల గురించి వారం రోజులు బాధపడ్డాడు. ఒంటిగంటన్నరకు రాత్రి భోజనం. ఒంటిగంటా యాభై అయిదుకు ఆఖరి కెటిల్ పెట్టి, ఆ రోజుకు కావలసిన టీ అంతా నాలుగు ఫ్లాస్కుల్లో పోసి, రబ్బరు సంచుల్లో వేడినీళ్లు నింపి పక్కల్లో పెట్టేవాడు. రెండింటికి ఇల్లంతా నిశ్శబ్దమైపోయేది.

మొదట్లో లొరేన్ దీన్ని సరదాగానే తీసుకుంది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

అయిదింటి హీటరు ముందు పోయింది. టీవీ ఒక్కటీ ఉండనిచ్చి, ఇద్దరూ ఉన్ని టోపీలు పెట్టుకుని, దుప్పట్లు కప్పుకుని, ఫ్లాస్కులోని మధ్యాహ్నపు టీ తాగుతూ క్విజ్ చూశారు. రెండో వారంలో టీవీ కూడా పోయింది. దానికి క్లైవ్ పరిష్కారం కనిపెట్టాడు. సాయంత్రం క్విజ్‌ను రికార్డు చేసి మర్నాడు పదకొండింటికి చూడొచ్చు. (రికార్డు చేసే పెట్టెకు ఎంత కరెంటవుతుందో ఆయన లెక్క వేశాడు. ఆ సంగతి లొరేన్‌కు చెప్పలేదు.) నిన్నటి ప్రశ్నలకు ఇవాళ జవాబు చెప్పడం తనవల్ల కాదని, పైగా వాక్యూమ్ మోతలో ప్రశ్నే వినపడదని ఆవిడ లేచిపోయింది. ఆ నెలలో నదులకూ రాజధానులకూ ఆ ఇంట్లో జవాబు చెప్పేవాళ్లు లేకుండా పోయారు.

పద్దెనిమిదో తారీకున బయట మూడు డిగ్రీలుంది. సాయంత్రం అయిదింటికి లొరేన్ వెళ్లి హీటరు వేసింది. క్లైవ్ వెళ్లి ఆపాడు. ఆవిడ మళ్లీ వేసింది. ఆయన మళ్లీ ఆపి, ఈ నెల గ్యాసు హద్దుకి మూడు రోజుల హీటరు వాడకం మాత్రమే మిగిలిందని, నెలాఖరుకి పన్నెండు రోజులున్నాయని, కావాలంటే రాసిపెట్టిన కాగితం చూపిస్తానని అన్నాడు.

లొరేన్ ఆ కాగితం చూడలేదు. టోపీ చెవుల మీదికి లాక్కుంది.

"నాకు చలేస్తోంది, క్లైవ్. చలేస్తోందని మాత్రమే చెబుతున్నా. ప్లాన్ సంగతి అడగట్లేదు."

"నెలాఖరు దాకా ఓపిక పట్టు. తగ్గింపు వచ్చేస్తుంది."

ఆవిడ లేచి, మిల్డూరాలో ఉండే చెల్లెలు గ్లెనిస్‌కు ఫోన్ చేసింది. మర్నాడు పదకొండున్నర బస్సుకు వెళ్లిపోయింది. ఓవెన్‌లో మాంసం ఉందని, ఒంటిగంటకు తీయమని చెప్పి మరీ వెళ్లింది. కోపంగా వెళ్లి ఉంటే క్లైవ్‌కు కొంత తేలికగా ఉండేది.

జూన్ బిల్లు అద్భుతంగా వచ్చింది. గ్యాసు హద్దు దాటలేదు, తగ్గింపు పూర్తిగా దక్కింది. దానితో పాటు సంస్థ నుంచి సందేశం కూడా వచ్చింది. మీ సాయంత్రపు వాడకం నలభై ఒక్క శాతం తగ్గింది, ఏం చేశారో మిగతా వినియోగదారులతో పంచుకుంటారా అని. క్లైవ్ దాన్ని క్లబ్బుకు తీసుకెళ్లి కీత్‌కు చూపించాడు. కీత్ చదివి, ఈమధ్య లొరేన్ కనపడట్లేదేమని అడిగాడు. మిల్డూరాలో ఉందని క్లైవ్ చెప్పాడు. కీత్ ఆ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి తిరిగిచ్చి, నేను టీ తెస్తా కూర్చోరా అన్నాడు. పదిహేనేళ్లలో కీత్ టీ తేవడం అదే మొదటిసారి.

క్లైవ్‌కు భార్య లేకుండా బెంగగా ఉంది. అది ఒప్పుకోవడానికి ఆయనకు మరో నాలుగు రోజులు పట్టింది. గొర్రె తొడ ఒక్కడికి ఎక్కువైంది, నాలుగు ఫ్లాస్కుల్లో మూడు ఖాళీగా ఉన్నాయి, సాయంత్రం పక్క కుర్చీ వైపు చూడకుండా ఉండటానికి ఆయన పెందలాడే పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇంతలో సంస్థ ఫోనుకు ఒక ఫారం పంపింది. ఇంట్లో పరిస్థితులు మారితే పది రోజుల్లోగా తెలియజేయాలట. ఇంట్లో ఎంతమంది ఉంటారన్న గడిలో ఇద్దరు అని ఉంది. అబద్ధం రాయడం క్లైవ్ స్వభావం కాదు. ఒకరు అని మార్చి నొక్కాడు.

అభినందనలు, అంది ఫోను. ఈ ఒక్క మార్పుతో మీకు ఏడాదికి ఆరు వందల నలభై డాలర్లు ఆదా. ప్లాన్ మార్చినదానికంటే ఇది రెట్టింపు. మీ ఇంట్లో మనుషుల సంఖ్యను ఇంకా తగ్గించే వీలుందా?

కింద రెండే మీటలున్నాయి, అవును, కాదు. (ఆలోచించుకునే మీట ఈ యాప్ తర్వాతి వెర్షన్‌లో రావచ్చు.)

క్లైవ్ లొరేన్‌కు ఫోన్ చేసి అది చదివి వినిపించాడు. అవతల చాలాసేపు నవ్వు వినపడింది, మధ్యలో గ్లెనిస్ ఏమిటేమిటని అడగడమూ వినపడింది. నవ్వడం అయ్యాక లొరేన్ మామూలు గొంతుతో, గ్లెనిస్ ఇంట్లో ఇంకో మంచం ఉందిలే, రా అంది. ఆయన ఫోన్ పెట్టేసి, అవును అన్న మీట నొక్కి, పెట్టె సర్దుకున్నాడు.

మిల్డూరాలో ఎండ ఉంది. గ్లెనిస్‌కు నారింజ తోట ఉంది, కరెంటు బిల్లులు విప్పకుండా పడేసే సొరుగు ఉంది, నాలుగున్నరకే దానంతటదే మొదలయ్యే హీటరు ఉంది. క్లైవ్ ఆ సొరుగు జోలికి పోకుండా రెండు రోజులు నిగ్రహించుకున్నాడు. అది చిన్న విషయం కాదు. మూడో రోజు సాయంత్రం అయిదింటికి ముగ్గురూ వెచ్చగా కూర్చుని క్విజ్ చూస్తున్నారు. పెరూ రాజధాని ఏదన్న ప్రశ్నకు లొరేన్ తడుముకోకుండా జవాబు చెప్పింది. క్లైవ్ ఆవిడ వైపు చూసి నిజంగానే సంతోషపడ్డాడు. ఆ సంతోషంలో కాస్త ముందుకు వంగి, మెల్లగా, ఏదో మాటవరసకు అన్నట్టు అడిగాడు.

"గ్లెనిస్, ఇంతకీ నువ్వు ఏ ప్లాన్‌లో ఉన్నావు?"

లొరేన్ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"ఈ ఇంట్లో ముగ్గురం ఉన్నామని రాయి, క్లైవ్. ఒకళ్లని తగ్గించే వీలుందా అని నీ ఫోను అడుగుతుందిగా. దానికి జవాబు నేను చెబుతా."