పిచ్చుక, గుడ్లగూబ, పన్నెండు కార్నేషన్లు

"అమ్మాయ్! ఈ భూమండలం మీద నేరస్థులు గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే. వెర్నర్ హక్కాలా రిటైరయ్యాడని వాళ్ళ భ్రమ. పిచ్చి సన్నాసులు! రిటైరైంది నీళ్ళ మీటర్లు చూసే వెర్నర్. డిటెక్టివ్ వెర్నర్ ఇప్పుడే డ్యూటీ ఎక్కాడు! వెర్నర్ చెవిలో పువ్వు పెట్టగలవాడు ఇంకా పుట్టలేదు!"

ఈ ప్రకటన చేస్తున్నప్పుడు వెర్నర్ హక్కాలా డారా వంటింట్లో, డారా కుర్చీలో కూర్చుని, డారా మధ్యాహ్నానికని దాచుకున్న పాస్టీ తింటున్నాడు. మాంసం, దుంపలు కూరిన ఆ పాస్టీ మీద డారాకి పొద్దుటినుంచీ ఆశ. ఏడు నెలల కొడుకు ఓటిస్‌ని ఎత్తుకుని, ఆ ఆశ ఆయన నోట్లోకి ముక్కలు ముక్కలుగా వెళ్ళిపోతుంటే చూస్తూ నిలబడింది.

వెర్నర్‌ది ఎదురిల్లు. ముప్ఫయ్యొక్క ఏళ్ళు ఆ సరస్సు ఒడ్డు ఊళ్ళో ఇంటింటికీ నేలమాళిగలోకి దిగి నీళ్ళ మీటర్లు చూసిన మనిషి. ఎవరింట్లో ఎవరు వారానికి ఎన్నిసార్లు స్నానం చేస్తారో ఆయనకి తెలుసు. ఉద్యోగం అయిపోయాక అరచేతంత భూతద్దం కొనుక్కుని డిటెక్టివ్ అయిపోయాడు. ఇప్పటికి మూడు కేసులు తేల్చాడు. మూడు కేసుల్లోనూ పోయిన వస్తువు ఆయన షెడ్డులోనే దొరికింది.

"నేను మిమ్మల్ని పిలవలేదండీ హక్కాలా గారూ," అంది డారా. "పూలసీసా ఉంటే ఇమ్మని మీ ఆవిడ ఐలా గారిని అడగడానికి మీ ఇంటికి వచ్చాను, అంతే."

"అక్కడే పట్టేశాను! సీసా లేని ఇంటికి పూలెందుకొచ్చాయి? చూపించు."

పూలు ఫ్రిజ్ మీద ఉన్నాయి, ఓటిస్‌కి అందకుండా. పన్నెండు ఎర్ర కార్నేషన్లు. ఆ గురువారం పొద్దున్న వీధి తలుపు గంట మోగింది. ఓటిస్‌ని తుడిచి, తలుపు తీసేసరికి మనిషి లేడు. గుమ్మంలో పూలు. కవరు మీద ఒకటే మాట: "పిచ్చుకకి". లోపల కార్డు.

వెర్నర్ భూతద్దం పెట్టి గట్టిగా చదివాడు.

"పిచ్చుకా, కార్నేషన్లే కరెక్టు. నాదే తప్పు. శనివారం మూడింటి బస్సుకి వస్తున్నాను. నువ్వు కనబడకపోతే అదే బస్సులో వెనక్కి పోతాను. ఇట్లు, గుడ్లగూబ."

 ఓటిస్‌కి ఎక్కిళ్ళొచ్చాయి.

"ముఠా!" అన్నాడు వెర్నర్. "పిచ్చుక, గుడ్లగూబ. మారుపేర్లు. కార్నేషన్లంటే వజ్రాలు."

"కార్నేషన్లంటే కార్నేషన్లేనేమోనండీ."

"అమ్మాయ్, లోకం నిటారుగా చూస్తుంది. తలకిందులుగా చూసేవాడే డిటెక్టివ్."

డారాకి ముందు తన భర్త కోల్ మీద అనుమానం వచ్చింది. కోల్ ఇనప రాయి మోసే పెద్ద ఓడ మీద పనిచేస్తాడు. వసంతంలో మంచు కరిగితే ఎక్కడం, మళ్ళీ మంచు పడ్డాకే దిగడం. ఫోన్ చేస్తే, "పూలా? నేనా? కార్నేషన్లంటే ఏవి, గుండ్రంగా ఉంటాయే అవా?" అన్నాడు. అతను కాదు.

రెండో అనుమానం తల్లి మీద. డారా పదకొండో క్లాసులో బడి మానేసి పెళ్ళి చేసుకున్న రోజు నుంచి అమ్మ ఆమెతో మాట్లాడలేదు. వచ్చే ఆదివారం మదర్స్ డే. డారా అమ్మయ్యాక వచ్చే మొదటిది. అందుకని కార్డు ఏడుసార్లు చదివింది. కానీ అమ్మ తనని ఎన్నడూ పిచ్చుకని పిలవలేదు. గుడ్లగూబ అని సంతకం పెట్టుకునే మనిషి అసలే కాదు. ఆ ఆశని డారా ఓటిస్ చిన్న చొక్కా మడిచినట్టు మడిచి లోపల పెట్టేసింది.

కానీ కార్డులోని ఆ ఆఖరి మాట ఆమెని వదల్లేదు. ఎవరో శనివారం బస్సు దిగుతారు. అటూ ఇటూ చూస్తారు. ఎవరూ కనబడరు. మళ్ళీ ఎక్కేస్తారు. అదంతా పూలు తన గుమ్మంలో పడి ఉండబట్టి!

"ఈ పిచ్చుకెవరో శనివారంలోగా తేలాలండీ. పోనీ ఐలా గారిని అడుగుదామా? ఆవిడకి ఊళ్ళో అందరూ..."

వెర్నర్ పాస్టీ చేత్తోనే ఆమెని ఆపాడు. "నా భార్యకా? చచ్చినా చెప్పకూడదు! డిటెక్టివ్ అన్నవాడు ముందు దాచాల్సింది భార్య దగ్గర. ఇది మన ఇద్దరి మధ్యే. ఓటిస్‌ని కలుపుకుంటే ముగ్గురి మధ్య." అని కార్డు తీసి టోపీ లోపల దోపుకున్నాడు.

శుక్రవారం ఇద్దరూ మార్లిస్ పూలకొట్టుకి వెళ్ళారు. వెర్నర్ మారువేషంలో ఉన్నాడు. అంటే వానకోటు, భార్య నల్ల కళ్ళజోడు.

"రా వెర్నర్," అంది మార్లిస్ తలెత్తకుండా. "ఐలా కళ్ళజోడు నీకు బాగా నప్పింది. తొందరగా చెప్పు, మదర్స్ డే వారం, చచ్చే తీరిక కూడా లేదు."

ఆమె భుజానికీ చెవికీ మధ్య ఫోను. చేతిలో కలం. ఫోనులో ఎవరో చెబుతుంటే చిన్న కార్డు మీద రాసుకుంటోంది. వెనకాల బకెట్ల నిండా తులిప్‌లు, గులాబీలు. డబ్బాలు మోయడానికి పక్క ఊరి నుంచి తెచ్చుకున్న మరిది ఏ పెట్టె ఏ బండిలో పెట్టాలో తెలియక తిరుగుతున్నాడు.

వెర్నర్ గొంతు సవరించుకున్నాడు. "నేను అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పాలి. టామరాక్ వీధి, ఆరో నంబరు, అంటే ఈ అమ్మాయి ఇంటికి నిన్న ఏ పూలు పంపావు?"

మార్లిస్ పుస్తకం తిరగేసింది. "ఆరో నంబరుకా? ఏమీ వెళ్ళలేదే."

"ఏమీ!" వెర్నర్ డారా వైపు తిరిగాడు. "విన్నావా? ఎవరూ పంపని పూలు! సాక్ష్యం చెరిపేశారు!"

"చెరపడమేంటి నీ మొహం. మీ వీధికి వెళ్ళింది ఒక్కటే. వేరే ఊరి కొట్టు నుంచి ఫోన్లో వచ్చిన ఆర్డరు. అది కూడా మీ..."

"చాలు! అడిగిందాని కన్నా ఎక్కువ చెబితే కేసు చెడిపోతుంది!"

డారా ముందుకొచ్చింది. "ఒక్క నిమిషం మార్లిస్ గారూ, మీరు ఇప్పుడేదో..." అంటుండగానే ఓటిస్ బకెట్‌లోంచి ఓ ఆకు పీకి నోట్లో పెట్టుకున్నాడు. డారాకి లోకం చీకటైంది. వేలు పెట్టి ఆకు తీసింది. సగం ఆకే వచ్చింది. మిగతా సగం ఎక్కడ? ఆమె వాడిని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. మిగతా సగం అక్కడ వాడి చొక్కా కాలర్లో దొరికింది. తర్వాత సాయంత్రం దాకా మార్లిస్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. ఎప్పుడు చేసినా ఎంగేజే.

వెర్నర్ మాత్రం పూలకొట్టు నుంచి విజయగర్వంతో వచ్చాడు. పంపడానికి పెట్టిన కార్డులన్నీ భూతద్దంతో చూశాడట.

"అమ్మాయ్, కాళ్ళ కింద భూమి కదిలిపోతుంది, కూర్చో. ఒక కార్డు, పెళ్ళిరోజు శుభాకాంక్షలు. ఒక కార్డు, మీ నాన్నగారి మృతికి సంతాపం. ఒక కార్డు, బుజ్జిపాప పుట్టినందుకు ఆనందం. మన గుడ్లగూబ కార్డు. నాలుగూ ఒకటే చేతివ్రాత! ఊళ్ళో సగం మందిని ప్రేమిస్తూ, మిగతా సగం మందికి సంతాపం చెబుతున్న రాక్షసుడు ఒకడే!"

"మార్లిస్ గారు ఫోన్లో వింటూ రాస్తున్నది మీరు చూడలేదా?"

"ఆవిడ ఏదో రాస్తోంది. నేను చేతివ్రాతలు పరిశీలిస్తూ బిజీగా ఉన్నాను."

శనివారం రెండున్నరయింది. డారా తేల్చుకుంది. పిచ్చుక దొరకకపోతే తనే బస్సు దగ్గరికి వెళ్తుంది. గుడ్లగూబ ఎవరో చూసి, 'మీ పూలు దారి తప్పాయండీ, మీ పిచ్చుకకి అందలేదు, అలిగి వెళ్ళిపోకండి' అని చెబుతుంది. ఓటిస్‌కి టోపీ పెట్టింది, తీసింది, గాలి చూసి మళ్ళీ పెట్టింది.

అప్పుడే వీధి తలుపు మీద ధన్ ధన్ ధన్ మని సుత్తి దెబ్బలు. ఓటిస్ తోపుడుబండికి మెట్లు అడ్డమని డారా ఎప్పుడూ పక్క తలుపే వాడుతుంది. అటునుంచి చుట్టూ తిరిగొచ్చి చూస్తే, వెర్నర్ నిచ్చెన ఎక్కి ఆమె వీధి తలుపుకి అడ్డంగా చెక్క కొడుతున్నాడు.

"ఏం చేస్తున్నారండీ!"

"కాపాడుతున్నాను! ముఠా మూడింటికి దిగుతుంది. నువ్వు ఇల్లు కదలకూడదు!"

ఎదురింట్లోంచి ఐలా వచ్చింది, పొయ్యిలోంచి తీసిన యాలకుల రొట్టె గుడ్డలో చుట్టుకుని. వెర్నర్ ఎవరింటి గోడకి మేకు కొట్టినా వెనకాలే రొట్టె పట్టుకెళ్ళడం ఆమెకి అలవాటే.

"వెర్నర్! దిగు! ఈ పిల్ల తలుపేం చేసింది నిన్ను?"

"నువ్వు లోపలికి వెళ్ళు ఐలా, ఇది పరమ రహస్యం!" అంటూ ఆయన ఆఖరి దెబ్బ వేశాడు.

ఆ దెబ్బకి తలుపు పక్కనున్న ఇంటి నంబరు ఇత్తడి అంకె ఊడి, తిన్నగా ఆయన కాలి బొటనవేలి మీద పడింది. వెర్నర్ "హా!" అంటూ ఒంటికాలి మీద నిచ్చెన దిగాడు. దిగాడనడం మర్యాద కోసం. టోపీ ఎగిరి రొట్టె మీద పడింది. టోపీలోంచి కార్డు ఐలా అరచేతిలో వాలింది.

ఐలా చదివింది. రొట్టె డారా చేతిలో పెట్టేసింది. మెట్టు మీద కూలబడింది.

"పిచ్చుక," అంది చిన్నగా. "చిన్నప్పుడు నన్ను అలా పిలిచేది ఒక్కతే. మా అక్క సైమా."

"గుడ్లగూబా?" అంది డారా.

"దానికి అప్పుడే సోడాబుడ్డి కళ్ళజోడు. అమ్మ పోయినప్పుడు అది లిల్లీలు తెప్పించింది. లిల్లీ వాసనకి అమ్మ బతికినన్నాళ్ళూ తుమ్ముతూనే ఉండేది. కార్నేషన్లు పెట్టవే అన్నాను, వినలేదు. 'నువ్వు అమ్మని ఎప్పుడైనా చూశావా అసలు' అనేశాను. అప్పట్నుంచి మాటల్లేవు, పదకొండేళ్ళు." కార్డు తిప్పి చూసింది. "వెర్నర్, నువ్వు ఆ రోజు అక్కడే ఉన్నావుగా!"

"నేను శవపేటిక పిడులు పరిశీలిస్తున్నాను," అన్నాడు వెర్నర్ వేలు పట్టుకుని.

డారా నేల మీది అంకె తీసింది. పై మేకు ఎప్పుడో ఊడింది. కింది మేకు ఒక్కదాని మీద అంకె గిర్రున తిరిగి వేలాడుతూ ఉండుండాలి. ఆరు తలకిందులైతే తొమ్మిది. ఎదురింటి నంబరు తొమ్మిది. మార్లిస్ మరిదికి ఊరు కొత్త.

"పై మేకు..." అంటూ వెర్నర్ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. దాని మీద రాసి ఉంది: "అనుమానాస్పద మేకు. ఆరో నంబరు తలుపు దొంగలకి ఆగుతుందో లేదో గుద్ది చూస్తుండగా రాలినది. యజమాని తెలియలేదు."

 ఐలాకి తిట్టడానికి టైము లేదు. మూడుకి ఎనిమిది నిమిషాలుంది.

డారా కారు తీసింది. వెనక సీట్లో ఓటిస్, పక్కన ఏప్రన్‌తోనే ఐలా, ముందు ఒక చెప్పు లేకుండా వెర్నర్, ఒళ్ళో రొట్టె. డారా ఓటిస్ పుట్టాక ఎప్పుడూ అంత వేగంగా తోలలేదు. అంటే మామూలు జనం తోలే వేగం. ప్రతి మలుపులోనూ "ఊపిరి పీలుస్తున్నాడా?" అని అడుగుతూనే ఉంది. "పీలుస్తున్నాడు, నేనే పీల్చట్లేదు," అంది ఐలా.

పెట్రోలు బంకు ముందు బస్సు అప్పుడే తలుపు మూసింది. కిటికీలో లావుపాటి కళ్ళజోడు, ముఖం అటు తిప్పుకుని ఉంది. బస్సు కదిలింది.

"ఆగండి!" అని అరిచింది ఐలా. ఎవరికీ వినబడలేదు.

ముఠా పారిపోతోందని వెర్నర్ రొట్టెతో సహా కారు దిగాడు. రెండడుగులు వేశాడు. వేలు సలిపింది. బస్సు ముందు, నడిరోడ్డు మీద, బొటనవేలు పట్టుకుని చతికిలబడ్డాడు. బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు కిందికి దూకి, ఊరి భాషలో ఉన్న తిట్లన్నీ తిట్టాడు. ఆ తిట్లు వినడానికి కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కళ్ళజోడు కూడా ఇటు తిరిగింది.

"పిచ్చుకా?"

"దిగవే గుడ్లగూబా!" అంది ఐలా. "ఎవరైనా రెండు నిమిషాలు ఆగకుండా ఎక్కేస్తారా?"

"రెండు నిమిషాలా? పదకొండేళ్ళు ఆగాను!"

తర్వాత ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడుస్తూనే, తప్పు ఎవరిదో మళ్ళీ వాదించుకున్నారు. డారా ఓటిస్‌ని గట్టిగా హత్తుకుంది. ఓటిస్ ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు.

"కేసు ముగిసింది," అన్నాడు రోడ్డు మీద నుంచి వెర్నర్. "అంతా నా పథకం ప్రకారమే."

ఆ సాయంత్రం కృతజ్ఞతగా ఆయనే డారా ఇంటి అంకెని రెండు మేకులతో గట్టిగా బిగించాడు.

ఆదివారం పొద్దున్న వీధిలో కేకలు. మార్లిస్ మరిది పూలు పట్టుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతున్నాడు. "ఈ వీధిలో రెండు తొమ్మిదులున్నాయి, ఆరు లేదు!"

వెర్నర్ రాత్రి చొక్కాతో పరుగెత్తుకొచ్చాడు. "ఇల్లే ఎత్తుకుపోయారా! ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు!"

డారా ఓటిస్‌ని చంకనేసుకుని పక్క తలుపులోంచి వచ్చింది. తలొంచి, మెడ తిప్పి, తన ఇంటి నంబరు తలకిందులుగా చదివింది.

"ఇదేనండీ ఆరు. ఇలా ఇవ్వండి."

కవరు మీద "ఓటిస్ వాళ్ళమ్మకి" అని ఉంది. లోపల: "నీకు మొదటి మదర్స్ డే. ఎవరో తెలియని మనిషి కోసం పరిగెత్తావు. నీ పిల్లాడి గురించి భయపడకు, వాడు మంచి చేతుల్లో ఉన్నాడు. ఇట్లు, పిచ్చుక, గుడ్లగూబ." డారా రెండుసార్లు చదివింది. మూడోసారి అక్షరాలు అలుక్కుపోయాయి.

వెర్నర్ ఆమె భుజం మీద నుంచి వంగి భూతద్దం పెట్టాడు. ముఖం తెల్లబోయింది.

"అమ్మాయ్, కదలకు," అన్నాడు గొంతు తగ్గించి. "అదే చేతివ్రాత!"

అంత దగ్గరగా వచ్చిన ఆ పెద్ద చెవి వైపు ఓటిస్ కాసేపు చూశాడు. గుత్తిలోంచి ఓ కార్నేషన్ పీకాడు. శ్రద్ధగా, కాడతో సహా, అందులో దోపాడు.

వెర్నర్ చెవిలో పువ్వు పెట్టగలవాడు పుట్టి అప్పటికి ఏడు నెలలైంది.