నల్లపలక బ్యాండు పునరాగమన స్మరణోత్సవం

నల్లపలక బ్యాండు వారి పునరాగమన కచేరీల ఏడవ వార్షిక స్మరణోత్సవం మార్కాపురంలో ఆదివారం ఉదయం పది గంటలకు కళ్యాణ మండపంలో ఘనంగా జరుగుననీ, సంగీతాభిమానులు కుటుంబ సమేతంగా విచ్చేసి జయప్రదం చేయవలసిందనీ, భోజన వసతి కలదనీ అభిమాన సంఘం కరపత్రం అచ్చువేసింది. అడుగున చిన్న అక్షరాలతో మరో రెండు వాక్యాలు ఉన్నాయి. బ్యాండు సభ్యులు ముగ్గురూ సజీవులే గనుక మౌనం పాటించడం ఉండదు. బ్యాండు వాయించడం కూడా ఉండదు.

ఈ చివరి వాక్యం దగ్గర యోసేపు కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకొని మళ్ళీ చదివాడు. వాక్యం మారలేదు. ఆ బ్యాండులో గిటారు వాయించేది ఆయనే.

నల్లపలక గురించి తెలియనివారు ఈ పక్క ఎవరూ లేరు. అయినా పొరుగు జిల్లాల వారి సౌకర్యం కోసం చెప్పాలి. పలకల కార్ఖానాలో పలకలకు చెక్క చట్రాలు బిగించే యోసేపు, అదే కార్ఖానాలో రాయి కోసే ఏబేలు, కిరాణా దుకాణం పుల్లారావు కలిసి 1984లో ఈ రాక్ బ్యాండు పెట్టారు. యోసేపుది గిటారు, ఏబేలువి డ్రమ్ములు, పుల్లారావుది గొంతు. ఒక పెళ్ళిలో వాయిస్తే పెళ్ళికూతురు జడుసుకుందన్న పేరొచ్చింది. ఆ తర్వాత పెళ్ళివారెవరూ పిలవలేదు. నాలుగేళ్ళకు బ్యాండు ఆగిపోయింది. ఎందుకాగిందని ఊళ్ళో ఒక్కరూ అడగలేదు.

మళ్ళీ ఇరవై ఎనిమిదేళ్ళకు, ముగ్గురికీ షుగరు వచ్చాక, మార్కాపురంలో, గిద్దలూరులో, యర్రగొండపాలెంలో మూడు కచేరీలు చేశారు. నిజం చెప్పుకోవాలి, అదరగొట్టారు. గిద్దలూరులో డ్రమ్ముకర్ర విరిగితే ఏబేలు బజ్జీల బండి మీది గరిటె అందుకొని చివరిదాకా దానితోనే బాదాడు. పుల్లారావు మోకాళ్ళకు పట్టీలు కట్టుకొని వేదిక మీది నుంచి జనంలోకి దూకాడు. తిరిగి పైకెక్కించడానికి నలుగురు కావలసి వచ్చారు గానీ పాట మాత్రం ఆగలేదు.

మూడు చోట్లా కలిపి వచ్చిన జనం నాలుగు వందల ముప్ఫై మంది. అందులో అరవై మంది యర్రగొండపాలెంలో బస్సు తప్పిపోయినవాళ్ళు. ఇప్పుడు అభిమాన సంఘంలో సభ్యులు రెండు వేల మూడు వందలు. అందరూ ఆ రోజు మొదటి వరసలోనే కూర్చున్నారు. మొదటి వరసలో వేసిన కుర్చీలు ఇరవై నాలుగు. సంఘం దీన్ని చిక్కుగా భావించలేదు. సభ్యత్వం పెరిగినప్పుడల్లా మొదటి వరసను పొడిగిస్తూ ఏకగ్రీవంగా తీర్మానిస్తోంది. ప్రస్తుతం ఆ వరస కంభం చెరువు కట్ట దాకా వచ్చి ఉంటుందని అంచనా.

సంఘానికి అధ్యక్షులు బట్టల దుకాణం రాధాకృష్ణమూర్తి గారు. మార్కాపురం కచేరీ నాడు ఆయన తిరుపతిలో దర్శనం క్యూలో ఉన్నారు. అయితే దేహం క్యూలో ఉన్నా మనసు మొదటి వరసలోనే ఉందని వారు ప్రతి ఏడూ గద్గద స్వరంతో చెబుతారు. స్వామివారు కూడా దీనికి అభ్యంతరం చెప్పలేదు.

సంఘం పనితీరు మిక్కిలి ప్రజాస్వామికం. సభ్యుల జ్ఞాపకాల్లో తేడా వస్తే చేతులెత్తించి తేలుస్తారు. గిద్దలూరు కచేరీలో వాన కురిసిందా లేదా అని ఒక ఏడు వివాదం వచ్చింది. కురిసిందని నూట పన్నెండు మంది, కురవలేదని ఎనభై మంది. కాబట్టి కురిసింది. ఆ ఏడు చినుకు రాలక తన కంది చేను నిలువునా ఎండిపోయిందని ఒక సభ్యుడు లేచి మొత్తుకున్నాడు గానీ, అది చేనుకు సంబంధించిన విషయమనీ సంగీతానికి సంబంధించింది కాదనీ సర్ది చెప్పి కూర్చోబెట్టారు.

ఇటువంటి సంఘం సన్నాహక సమావేశానికి యోసేపు ఒక కోరికతో బయలుదేరాడు. ఆయన ఎడమచేతి చివరి రెండు వేళ్ళు మొద్దుబారుతున్నాయి. ఇంకో ఆరు నెలలు, మహా అయితే ఏడాది అని ఒంగోలు డాక్టరు చెప్పాడు. ఈ లోగా యోసేపు కొత్త పాట ఒకటి కట్టాడు. నీళ్ళ ట్యాంకరు కోసం వరసలో నిలబడి, బిందె మీద దరువు వేసుకుంటూ కట్టాడు. వేళ్ళు పోకముందే దాన్ని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, జనం ముందు వాయించాలి. ఆయనకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

"ఏందయ్యా, నీ పాట నువ్వు వాయించుకోడానికి వాళ్ళకు దరఖాస్తా?" అని ఆయన భార్య ఓబులమ్మ వాకిట్లోనే అడిగింది.

"వినేవోళ్ళు వాళ్ళ దగ్గరుండారు గదే" అన్నాడు యోసేపు.

సమావేశంలో అధ్యక్షులు ఆయన్ను ఆప్యాయంగా పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"యోసేపూ, నీ మీద అభిమానం లేకనా? నువ్విప్పుడు వాయించినావనుకో, బాగలేకపోతే మా జ్ఞాపకం చెడిపోతది. బాగుందనుకో, ఇంకా చెడిపోతది. అప్పుడు వాయించిందే వాయించడమని ఏడేండ్ల నుంచి చెప్పుకుంటా వస్తున్నాం. మా మాట ఏం గావాల?"

"కొత్త పాట శెట్టిగారూ. అయిదు నిమిషాలు."

"కొత్తదాన్ని ఎట్ల గుర్తుపెట్టుకోవాల?" అన్నాడు కార్యదర్శి దశరథరామయ్య. "ఈ మార్కాపురంలోనే గదా, మూడో పాటకు నీ గిటారు తీగ తెగింది. తెగినా వాయించినావు. నేను ఏడ్చినానన్నా."

"తీగ తెగింది ఈడ కాదు. యర్రగొండపాలెంలో."

సభలో కలకలం రేగింది. చేతులెత్తించారు. తీగ మార్కాపురంలోనే తెగినట్టు తేలింది. యోసేపు ఎత్తిన చేతిని లెక్కలోకి తీసుకోలేదు. కచేరీ చూసినవారికే ఓటు హక్కు అని నియమావళిలో ఉంది. ఆ రోజు యోసేపు వేదిక మీద జనం వైపు తిరిగి ఉన్నాడు గనుక ఆయన కచేరీ చూడలేదు.

అంతదాకా మూలన కూర్చున్న పుల్లారావు లేచాడు. "వాణ్ణి వాయించనీయకపోతే మేమూ రాం. మా శాలువాలు మీరే కప్పుకోండి" అన్నాడు. శాలువాలు అప్పటికే కొనేశారు. అందువల్ల భోజనాలకు ముందు అయిదు నిమిషాలు యోసేపుకు కేటాయించారు.

ఆదివారం వచ్చింది. వేదిక మీద ముప్ఫై ఇద్దరు పెద్దలు ఆసీనులయ్యారు. వారి వెనక, వారి ముఖాలతోనే వేసిన ఫ్లెక్సీ ఉంది. పాత కచేరీ వీడియో చూపించే పెద్ద తెరను వేదిక మీద పెడితే ఫ్లెక్సీలో పదకొండు ముఖాలు మరుగున పడతాయని దాన్ని హాల్లోనే వెనక వైపు, వాకిలి పక్కన నిలబెట్టారు.

ముఖ్య అతిథి ముప్పావు గంట మాట్లాడారు. "ఈ బ్యాండు లేకపోతే ఈ రోజు నేను మీ ముందు నిలబడేవాణ్ణి కాదు! ఎందుకంటే ఈ సభే ఉండేది కాదు! రాక్ సంగీతం మన నల్లమల గాలిలో ఉన్నది, మన గుండ్లకమ్మ నీటిలో ఉన్నది!" గుండ్లకమ్మలో ఆ నెల నీరు లేదు. చప్పట్లు మాత్రం కొట్టారు. తర్వాత శాలువాలు కప్పారు. ఒకటి మిగిలిపోతే దాన్ని యోసేపు గిటారుకు కప్పి, పూలదండ వేసి, దణ్ణం పెట్టారు. తీగల మధ్య ఇరుక్కున్న చామంతి రేకులు తీయడానికి యోసేపుకు చాలాసేపు పట్టింది.

ఆయనకిచ్చిన అయిదు నిమిషాలూ వచ్చాయి. కార్యదర్శి దశరథరామయ్య సమయపాలనలో దిట్ట. ఆలస్యమైందని గ్రహించి, పాత వీడియోను కూడా అదే అయిదు నిమిషాల్లో సర్దాడు. వెనక తెర వెలిగింది. వెయ్యి మంది ఒక్కసారిగా కుర్చీలు వెనక్కి తిప్పుకున్నారు.

యోసేపు, ఏబేలు, పుల్లారావు వెయ్యి వీపుల ముందు మొదలుపెట్టారు.

"రేపొస్తది రేపొస్తది నీళ్ళ ట్యాంకరు,
బిందె సొట్టబాయె, నా నడుము సొట్టబాయె,
రేపొస్తది రేపొస్తది..."

యోసేపు వేళ్ళు ఆ రోజు మాట విన్నాయి. పుల్లారావు దూకలేదు గానీ దూకినంత పని చేశాడు. ఏబేలు చెమటకు కొత్త శాలువా తడిసి ముద్దయింది. హాల్లో అందరూ ఫోన్లు పైకెత్తి తెర మీది వీడియోను వీడియో తీస్తున్నారు. వేదిక వైపు చూస్తున్నవాడు ఒక్క యల్లయ్య. అతను షామియానాలు కట్టేవాడు. స్తంభం అడ్డమొచ్చి తెర కనపడలేదు.

పాట అయిపోయింది. హాలు చప్పట్లతో మారుమోగింది. తెర మీద ఏడేళ్ళ కిందటి యోసేపు వంగి నమస్కారం చేస్తున్నాడు. వేదిక మీది యోసేపు కూడా, మర్యాదకు, వంగాడు.

భోజనాల దగ్గర ఒక అభిమాని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఏమనుకోవద్దు. నీ గిటారు మోతకు వీడియో సరిగ్గా ఇనపడలే."

చేతులు కడుక్కునే చోట యల్లయ్య వచ్చి నిలబడ్డాడు. "ట్యాంకరు పాట బలే ఉందన్నా. ఆ రెండో ముక్క ఏంది, మళ్ళొకసారి చెప్పు." యోసేపు చెప్పాడు. చెయ్యి కడుక్కోకుండానే మొత్తం పాట చెప్పాడు.

చలికాలం వచ్చేసరికి ఆయన రెండు వేళ్ళూ ఆగిపోయాయి. గిటారు మేకుకెక్కింది. ఈ వార్త సంఘాన్ని కదిలించింది. వెంటనే అత్యవసర సమావేశం పెట్టి, మొన్నటి సభలో యోసేపు వాయించింది ఆయన చివరి పాట గనుక చరిత్రాత్మకమనీ, ఇకపై దాన్ని కూడా ఏటేటా స్మరించాలనీ తీర్మానించారు. వీడియో కోసం వెతికితే అందరి ఫోన్లలోనూ తెరే ఉంది. ఆ పాట ఎవరూ వినలేదు కాబట్టి దాని గొప్పతనం మీద భిన్నాభిప్రాయాలు రాలేదు. అది జన్మభూమికి వీడ్కోలు పాట అని దశరథరామయ్య జ్ఞాపకం చేసుకున్నాడు. మరో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

షామియానా బేరానికి వచ్చిన యల్లయ్య వాకిట్లో నిలబడి విన్నాడు. "జన్మభూమి కాదు సార్. అది నీళ్ళ ట్యాంకరు పాట."

"నువ్వు సభ్యుడివా?" అన్నారు అధ్యక్షులు.

కాదు. చేతులెత్తించారు. జన్మభూమి నెగ్గింది. సంగతి తెలిసి ఓబులమ్మ సంఘాన్ని నాలుగు మాటలన్నది. అవి ఇక్కడ రాయదగినవి కావు.

ఆ ఎండాకాలం బోర్లన్నీ ఎండిపోయాయి. పెద్ద దుకాణాల వీధికి కూడా ట్యాంకరే దిక్కయింది. రాధాకృష్ణమూర్తి గారు రెండు ప్లాస్టిక్ డ్రమ్ములతో వరసలో నిలబడ్డారు. వారి వెనక, బిందె కుడిచేత పట్టుకొని, యోసేపు. ట్యాంకరు ఎనిమిదింటికన్నారు. పది దాటింది.

వరసలో ముందెక్కడో గంగమ్మ అనే ఆవిడ ఖాళీ బిందె మీద దరువు మొదలుపెట్టింది. యల్లయ్య పెళ్ళిపందిళ్ళు కట్టిన చోటల్లా ట్యాంకరు పాట పాడితే, పెళ్ళిళ్ళకు పోయిన ఆడవాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. ఒక బిందె నాలుగైంది, నాలుగు నలభై అయ్యాయి. "రేపొస్తది రేపొస్తది నీళ్ళ ట్యాంకరు..." వీధి వీధంతా ఊగిపోతోంది. ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. యోసేపు మొద్దుబారిన చెయ్యి బిందె మూతి మీద పెట్టి, నోరు తెరుచుకొని, వింటున్నాడు.

రాధాకృష్ణమూర్తి గారు కాసేపు ఓర్చుకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి, యోసేపు భుజం మీద చెయ్యి వేశారు.

"ఏం పాటలు నాయనా ఇవి! ట్యాంకరంట, బిందెంట! పాటంటే మీ బ్యాండుది. ఆ వాయింపు మళ్ళెక్కడొస్తది?"

వరసలోని వాళ్ళందరూ, పాట ఆపకుండానే, నిజమేనని తలలూపారు.