నిలబడి సేవ చేసిన కారు

"కారు కదలడానికే పుట్టిందన్న అపోహను నేటితో తొలగిస్తున్నాను!" అని విద్యుత్ మంత్రిగారు టాక్సీ స్టాండులో వేసిన వేదిక మీది నుంచి ప్రకటించారు. ఇక మీదట సాయంత్రం కరెంటు వాడకం పెరిగే వేళకి ఊళ్లోని ఎలక్ట్రిక్ బండ్లన్నీ తమ బ్యాటరీల్లో ఉన్నది గ్రిడ్‌కి ధారపోస్తాయి. అందరూ పడుకున్నాక గ్రిడ్ మళ్లీ వాటి కడుపు నింపుతుంది. ఇంత చక్కటి ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ తట్టకపోవడం విచిత్రమే.

టాక్సీ నడిపే అక్క మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆమె రెండు చేతులూ చెల్లెలి ట్రంకుపెట్టెను డిక్కీలోకి ఎక్కించే పనిలో ఉన్నాయి. చెల్లెలికి దూరపు ఊరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. రేపు పొద్దున చేరకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. సాయంత్రం రైలు తప్పితే మరో రైలు లేదు.

పెట్టె ఎక్కింది. కారు కదల్లేదు. దాని ముందు భాగంలో ఎవరో లావుపాటి వైరు గుచ్చి పోయారు.

"ఎవరండీ ఇది పెట్టింది? తియ్యండి, స్టేషన్‌కెళ్లాలి!"

టై కట్టుకున్న అధికారి చిరునవ్వుతో వచ్చాడు. "కంగ్రాట్యులేషన్స్ అమ్మా! మీ కారు సేవలో చేరింది."

"నన్నడక్కుండానే?"

"అడిగితే అది సేవెలా అవుతుందమ్మా?"

"పోనీ లాగెయ్యండి సార్."

"లాగితే రాదు. తాళం కంప్యూటర్ వేసింది. పీక్ అవర్ అయ్యాక అదే తీస్తుంది."

"అదెప్పుడవుతుంది?"

"జనమంతా ఇళ్లకి చేరి సర్దుకున్నాక."

"బండ్లన్నీ ఇక్కడే కట్టేస్తే జనం ఇళ్లకెలా చేరతారు?"

అధికారి ఆ ప్రశ్నను ఎంతో మెచ్చుకున్నాడు. కమిటీ వేయదగ్గ ప్రశ్న అన్నాడు.

చెల్లెలు పక్కనున్న ఆటో దగ్గరికి పరుగెత్తింది. దానికీ వైరు. వెనకున్న వ్యానుకీ వైరు. మంత్రిగారి కారుకి మాత్రం లేదు. అది డీజిల్‌ది. గ్రిడ్‌కి ఇవ్వడానికి దాని దగ్గర పాపం ఏమీ లేదు కాబట్టి మినహాయించారు. ప్రసంగం అవుతూనే ఆయన అందులో ఎక్కి హడావుడిగా వెళ్లిపోయారు కూడా.

"పెట్టె నెత్తిన పెట్టుకుని నడుద్దామే," అంది అక్క.

"అంత దూరమా? రైలేమన్నా మన మేనమామా అక్కా, మనకోసం ఆగడానికి?"

అక్కకి ఏడుపొచ్చింది. వారం నుంచి చెల్లెలు వెళ్లిపోతుందే అని బెంగపెట్టుకున్న మనిషి, ఇప్పుడు ఎలా వెళుతుందా అని బెంగపెట్టుకుంది.

అధికారి మనసు కరిగింది. "బాధపడకండమ్మా. మీ కారు ఏం సాధించిందో చూడండి," అని వేదిక మీది పెద్ద తెర చూపించాడు. తెర మీద స్టేషన్, అందులో సాయంత్రం రైలు.

"రోజూ ఈ వేళకి కరెంటు చాలక ఆగిపోయే రైలు. ఇవాళ మీ అందరి బ్యాటరీల పుణ్యమా అని టైముకి కదులుతోంది!"

"అది మా చెల్లెలు ఎక్కాల్సిన రైలు సార్."

"చూశారా! ప్రయోజనం నేరుగా లబ్ధిదారుకే అందింది."

రైలు కదిలింది. తళతళలాడే దీపాలతో, ఖాళీ కిటికీలతో బోగీలు ఒక్కొక్కటే సాగిపోయాయి. ఆఖరి బోగీ కిటికీలో మంత్రిగారు కనిపించారు. పక్క ఊళ్లో ఇదే పథకం ప్రారంభించడానికి వెళుతున్నారు. ఆయన చెయ్యి ఊపారు.

టాక్సీ స్టాండంతా చప్పట్లు కొట్టింది. అక్క కొంగుతో కళ్లొత్తుకుంటూ, రైలు తెర దాటిపోయేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

"నేనిక్కడే ఉన్నానక్కా," అంది చెల్లెలు.