దవాఖాన రోడ్డు గుంతల ఘనకీర్తి

గోదావరిఖనిలో కార్మికుల క్వార్టర్ల నుంచి దవాఖానకు పోయే రోడ్డు మీది గుంతలకు అధికారిక రక్షణ లభించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. 1974 ఎండాకాలంలో దక్కిన ఈ గౌరవం ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి ఎవరూ తట్టెడు మట్టి పోయకుండా కాపాడితేనే వచ్చింది.

సంగతేమిటంటే, పట్నం నుంచి ఇంజనీర్లు ఒక మరమనిషిని తెచ్చారు. మనిషి అన్నమాటే గాని దానికి కాళ్లు లేవు, నాలుగు చక్రాలున్నాయి. వెనక పొడుగాటి కరెంటు తీగ. గనిలో పైకప్పు కూలిన చోటికి మనుషులకు బదులు అది పోయి చూసి వస్తుందట. రాళ్ల మీద ఎగిరెగిరి పడకుండా చక్రాలకు స్ప్రింగులు బిగించారు. వాటిని పరీక్షించడానికి తగిన గుంతలు కావాలి. మందమర్రి గుంతలకు లోతు చాలదన్నారు. గోలేటిలో రోడ్డే లేదు కనుక గుంతలను వేరుగా గుర్తించలేకపోయారు. మన రోడ్డు మీదికి రాగానే పెద్ద ఇంజనీరుగారు జీపు ఆపించి, నడుం పట్టుకుని దిగి, "అద్భుతం!" అన్నారు. తమ ప్రాంతానికి తీరని అన్యాయం జరిగిందని మందమర్రి నాయకులు ఖండన ప్రకటన ఇచ్చారు.

ఆ సాయంత్రమే గుంతల చుట్టూ సున్నం గీసి నంబర్లు వేశారు. కాపలాకు జవానును పెట్టారు. అర్జీల మీద అర్జీలు పెట్టుకుంటే ఎట్టకేలకు వచ్చిన కంకర లారీని వెనక్కి పంపేశారు.

ఈ ప్రగతి అర్థం కానిది ఒక్క సమ్మవ్వకే. ఆమె కోడలు అనసూర్యకు నెలలు నిండాయి. అందుకని సమ్మవ్వ అన్నింటికన్నా లోతైన ఏడో నంబరు గుంతలో పొయ్యి బూడిద పోసి దొరికిపోయింది.

"నువ్వు పాడు చేసింది గుంతను కాదు, దేశ విజ్ఞానాన్ని!" అని ఇంజనీరుగారు గర్జించారు.

"నా కోడలు గీ తొవ్వల్నే దవాఖానకు పోవాలె సారూ. పోయినేడు గీ గుంతలల్ల రిక్షా కుదుపులకే దాని కడుపు పోయింది. గింత బూడిద పోస్తె గింత లొల్లా?"

పోసిన బూడిదను ఆమె చేతనే ఎత్తించి, గుంతకు పూర్వ వైభవం కల్పించారు.

పరీక్ష రోజున షామియానా వేశారు. ఉపన్యాసాలయ్యాయి. మరమనిషి నెత్తిన అంచుదాకా టీ నింపిన గ్లాసు పెట్టారు. చుక్క తొణక్కుండా దవాఖాన గేటు చేరితే పరీక్ష నెగ్గినట్టు. సరిగ్గా అప్పుడే అనసూర్యకు నొప్పులు మొదలయ్యాయి. అత్తాకోడళ్లను రిక్షాలో ఎక్కించుకుని నజీర్ వచ్చాడు. జవాను కర్ర అడ్డం పెట్టాడు.

"సాబ్, జర తొవ్వ ఇయ్యున్రి. జల్ది పోవాలె," అని నజీర్ బతిమాలాడు.

"యంత్రాన్ని దాటడానికి వీల్లేదు. వెనక రావచ్చు," అని ఇంజనీరుగారు ఔదార్యం చూపారు.

"గట్లయితే నా కోడల్ని దాని మీదనే కూసోబెట్టున్రి, నీ బాంచెన్. అది కుదుపది గద," అంది సమ్మవ్వ.

ఇంజనీరుగారు జాలిగా నవ్వారు. "అమ్మా, ఇది టీ గ్లాసు మోయడానికే మంజూరైంది. మనిషి బరువుకు స్ప్రింగులు పాడైతే ఎవరు జవాబుదారు?"

మరమనిషి ముందు, రిక్షా వెనక బయలుదేరాయి. యంత్రం పెళ్లికూతురిలా మెల్లగా నడిచింది. గుంతల్లోకి దిగింది, ఎక్కింది, టీ మీది మీగడ కూడా చెదరలేదు. రిక్షా మాత్రం ఏడో నంబరు గుంతలో ఒరిగిపోయింది. అనసూర్య కాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల. ఏడవలేదు. సమ్మవ్వ వీపు తట్టింది, నోట్లోకి ఊదింది. అయినా ఏడవలేదు.

అదే వేళకు దవాఖాన గేటు దగ్గర చప్పట్లు మోగాయి. "దారిలో ఎలాంటి కుదుపూ నమోదు కాలేదు," అని ఇంజనీరుగారు ప్రకటించి, ఆ టీ తాగారు.

అనసూర్యను నజీర్, మరికొందరు మోసుకుని దవాఖానకు తీసుకుపోయారు. సమ్మవ్వ మాత్రం బిడ్డను కొంగులో చుట్టుకుని ఆ గుంతలోనే కూర్చుంది. తిరుగు ప్రయాణపు పరీక్ష మిగిలి ఉంది కనుక ఆమెను లేపమని జవానుకు ఉత్తర్వు అందింది.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. మరమనిషి స్ప్రింగులు మంచివే. షామియానా కింద చప్పట్లు కొట్టిన మా స్ప్రింగులూ మంచివే. ఇది చదువుతున్న మీ చేతిలోని టీ కూడా తొణికి ఉండదు.